గుంటూరు–బెజవాడ చుట్టుపక్కల కొత్త చోట పాత నాణేలు వెతకడం: చోటు, మట్టి, సెట్టింగులు

వడ్లమూడి_కుర్రోడు
అందరికీ నమస్తే. నా మెషీన్ మెటల్ డిటెక్టర్ (నేలలో లోహం ఉంటే కూసేది), మల్టీ ఫ్రీక్వెన్సీది, 11 అంగుళాల కాయిల్ (నేల మీద ఊపే చక్రం), చేతి పాయింటర్ (గుంటలో వెతికే చిన్న డిటెక్టర్) కూడా ఉంది. ఇంతవరకూ ఇంటి పెరట్లో వాడటమే. ఇప్పుడు రెండు చోట్లకి యజమానులు ఒప్పుకున్నారు. ఒకటి తాడికొండ వైపు రెండెకరాల పత్తి చేను, నల్లరేగడి. రెండోది మంగళగిరి దగ్గర ఇళ్ల మధ్య ఖాళీ స్థలం, పది సెంట్లు. ముందు ఏది చూడాలి? మెషీన్ ఎలా పెట్టుకోవాలి? కంపెనీవాళ్లు ఇచ్చిన కాయిన్ మోడ్ సరిపోతుందా?

పాత_కాణీ
మోడ్ సంగతి తర్వాత. ముందు ఆ రెండు చోట్లా పైనున్న మట్టి అక్కడిదేనా కాదా అన్నది తేల్చుకోండి. మన వైపు సగం నిరాశ ఇక్కడే.

ఖాళీ స్థలం అంటున్నారు కదా, ఇళ్ల మధ్య. దానికి మెరక తోలారా అని అడగండి. విజయవాడ, మంగళగిరి, తాడేపల్లి ప్రాంతాల్లో ప్లాటు వేశారంటే రోడ్డు మట్టానికి రెండు మూడడుగుల మెరక పడినట్టే. చెరువు మట్టో కొండ గరుసో ఉంటుంది. 11 అంగుళాల కాయిల్‌కి రూపాయి బిళ్లంత నాణెం మెత్తటి నేలలో 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా పలుకుతుంది. అసలు పాత నేల 75 సెంటీమీటర్ల కింద ఉంటే మీ మెషీన్‌కి అది లేనట్టే. మీరు వెతికేదల్లా ఏ చెరువు నుంచో టిప్పర్‌లో వచ్చిన మట్టి. పక్కింటి పాత ప్రహరీ చూస్తే తెలిసిపోతుంది. గోడ అడుగు వరస ఇటుకలు మట్టిలోకి దిగిపోయి, పాత ఇంటి గుమ్మం రోడ్డు కన్నా కిందికి ఉంటే మీ స్థలం మెరకదే.

చేను కూడా అంతే. పాటిమన్ను తోలిన చేనా?

వడ్లమూడి_కుర్రోడు
పాటిమన్ను అంటే దిబ్బ మట్టే కదండీ? తోలారని ఎలా కనిపెట్టాలి?

రేగడి_దుక్కి
అవును తమ్ముడూ, పాత ఊళ్లు ఉండి పాడుపడిన దిబ్బల మట్టి. బూడిద, పేడ కలిసిన బూడిదరంగు మట్టి, పైరుకి బలం. ఒకప్పుడు ఎండాకాలం వస్తే బండ్ల మీద తెచ్చి చేలల్లో చల్లేవాళ్లు. దాంతోపాటే కుండపెంకులు, పూసలు, నాణేలు కిలోమీటర్ల దూరం పోయాయి. అందుకని ఒక చేలో ఒకటీ అరా పాత నాణెం దొరికినంత మాత్రాన అక్కడ ఊరు ఉండేదనుకోవడం తప్పు.

చూసే పద్ధతి ఇది. దున్నిన చేలో గట్టు పొడవునా నడుస్తూ పెంకులు గమనించు. తోలిన మట్టైతే పెంకులు చిన్నవి, అరిగి అంచులు గుండ్రబడి, చేను మొత్తం పలచగా పరుచుకుని ఉంటాయి. అక్కడిదే అయితే పెద్ద పెంకులు, వాడి అంచులతో ఒకే జాగాలో గుంపుగా కనిపిస్తాయి. రెండో రకం కనిపిస్తే మాత్రం మెషీన్ ఆపేయాలి. ఎందుకో నిర్వాహకుడు గారు చెప్తారు.

నిర్వాహకుడు
చెప్పక తప్పదు. ఈ వేదికలో కొత్తవాళ్లకి మొదటి షరతు ఇదే.

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్నది ఏదైనా, విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్లు కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పది రూపాయలంటే ఇవాళ ఏ పాత నాణెమైనా దాటేస్తుంది. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు.

ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు, అమరావతి స్తూపం, భట్టిప్రోలు దిబ్బ, ఇంకా ఇలాంటి ఏ రక్షిత స్థలం పరిసరాలకైనా మెషీన్‌తో పోవద్దు. కొండవీడు, కొండపల్లి కోటల వైపు కూడా. పోరంబోకు, దేవాదాయ భూములు, రైల్వే జాగాలు, కాలువ గట్లు మనవి కావు. పట్టా భూమి, పట్టాదారు సంతకంతో కాగితం, అందులో సర్వే నంబరు. అంతే.

గుంపుగా పెంకులు, పెద్ద సైజు ఇటుకలు, కాలిన మట్టి కనిపిస్తే అది ఇంకా ఎవరూ చూడని పాత ఊరు కావచ్చు. అక్కడ నాణెం కన్నా అది ఏ పొరలో ఉందన్నదే ముఖ్యం. తవ్వకండి. జాగా గుర్తు పెట్టుకుని పురావస్తు శాఖకి తెలపండి.

మిర్చియార్డ్_రాజు
దీనికి తోడు ఊరి సంగతి. మెషీన్ పట్టుకుని చేలో తిరిగితే గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు. ముందే సర్పంచికి, వీఆర్వోకి చెప్పండి. పొద్దున పదింటికి అందరూ చూస్తుండగా వెళ్లండి, పొద్దుగూకేలోపు వచ్చేయండి. రైతుని పక్కనే ఉంచుకోండి. జేబులో నిమ్మకాయ మాత్రం ఉండకూడదు 😄

టోపోషీట్
చోటు ఎంచుకోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? సర్వే ఆఫ్ ఇండియా పాత అంగుళం మ్యాపులు (మైలుకి అంగుళం చొప్పున గీసినవి) చూడండి. విజయవాడ 65డి/10 షీటులో, గుంటూరు 65డి/7లో వస్తాయి. పాత ముద్రణకీ ఇవాళ్టి శాటిలైట్ బొమ్మకీ తేడాలు పట్టుకోవాలి. అప్పట్లో బండిబాట ఉండి ఇప్పుడు చేను అయిపోయిన చోటు, పూడిపోయిన దిగుడుబావి, ఊరు పక్కకి జరిగితే మిగిలిపోయిన చింతతోపు, రెండు బాటలు కలిసే చోట చెట్టు. నాణెం జారిపోయేది జనం ఆగిన చోట, కూర్చున్న చోట, బేరమాడిన చోట. సంత జరిగిన తోపు ఎకరం, మామూలు చేను పదెకరాలతో సమానం.

రెవెన్యూ లెక్కల్లో గ్రామకంఠం (ఊరి ఇళ్ల జాగా) హద్దు చూసి, దానికి ఆనుకున్న పట్టా చేలు అడగండి. ఊరి చెత్త, పెంట దశాబ్దాల పాటు వెళ్లింది వాటిలోకే. పెంటకుప్పతో పాటు చిల్లర కూడా.

కాలువ_రేవు
టోపోషీట్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయ్యింది. ఆ తర్వాత చాలాకాలం కాలువల మీద పడవల్లోనే సరుకు, జనం. బెజవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ. పడవ రేవు ఉన్న ఊళ్లలో చిల్లర బాగా జారింది. కాలువ గట్టు మనది కాదు, నిర్వాహకుడు చెప్పింది నిజమే. అయితే ఎండాకాలం కాలువలు కట్టేశాక తీసిన పూడిక మట్టిని చుట్టుపక్కల రైతులు చేలకి తోలుకుంటారు. ఆ చేలకి అనుమతి తెచ్చుకోండి. ఇదీ వేరేచోటి మట్టే, కానీ ఎక్కడిదో మనకి తెలిసిన మట్టి.

వడ్లమూడి_కుర్రోడు
రైతుని అడిగాను. చేనుకి పాటిమన్ను ఆయన తాత రోజుల్లో తోలారట. ప్లాటు మెరకదే, మూడడుగులు. అయితే చేనే. ఇప్పుడు పత్తి మోళ్లు పీకేసి ఉంది, నేల నెర్రెలు విచ్చింది. ఈ వారమే వెళ్లొచ్చా?

రేగడి_దుక్కి
వద్దు. నెర్రెలున్న రేగడిలో రెండు చిక్కులు. కాయిల్ నెర్రె మీదికి వచ్చినప్పుడు కింద మట్టి ఉన్నట్టుండి మాయమై మళ్లీ వస్తుంది. మెషీన్ దాన్ని లోహం అనుకుని ‘టుక్’ అంటుంది. మెట్ట చేలో గంట తిరిగితే చెవులు పోతాయి. రెండోది, ఎండిన పెళ్ల గునపానికి కూడా లొంగదు. పగిలినప్పుడు లోపలి నాణెం మీద గీత పడుతుంది.

వానాకాలంలోనూ పనికిరాదు. బంకమన్ను కాయిల్ అడుగుకీ బూటుకీ రెండు కిలోలు అంటుకుంటుంది. తొలకరి పడి, రైతు ఒక చాలు దుక్కి దున్ని, మళ్లీ ఒక మంచి వాన పడ్డాక మూడో రోజు నుంచి వారం లోపు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, వదిలితే విడిపోవాలి. అప్పుడు పో.

ఇంకో సంగతి. రేగడిలో ఏటా నెర్రెలు మీటరు లోతు దాకా కూడా విచ్చుకుంటాయి. పైనున్న నాణెం అందులో జారి, వాన పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది. అందుకే అక్కడ లోతుకీ కాలానికీ సంబంధం ఉండదు. పది సెంటీమీటర్లలో విక్టోరియా కాణీ, దాని కింద పాతికలో 1988 స్టీలు పావలా వస్తే ఆశ్చర్యపోవద్దు. దుక్కి కూడా ఏటా ఒకసారి కలిపేస్తుంది.

సిగ్నల్_సుబ్బు
సెట్టింగులు నేను రాస్తాను. కాయిన్ మోడ్ వదిలేయండి. మెషీన్ లోహాన్ని బట్టి స్కేల్ మీద ఒక అంకె చూపిస్తుంది, ఇనుము అడుగున, వెండి పైన. కాయిన్ మోడ్‌లో ఇనుముతో పాటు కింది అంకెల్లో చాలా భాగం వినిపించకుండా కొట్టేసి ఉంటుంది. మన చోట అక్కడే కావలసిన సరుకు ఉంది.

చేలో అడుగుపెట్టగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మోటారు షెడ్డుకి, హెచ్‌టీ లైనుకి కనీసం ముప్పై నలభై మీటర్ల దూరం వెళ్లి నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల కరెంటు గోలని తప్పించేది) నొక్కండి. కాయిల్ కదపకూడదు. తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే ఆ నేల మట్టికి మెషీన్ పలకకుండా సరిచేయడం. లోహం లేని అడుగు జాగా చూసుకుని, కాయిల్‌ని నేలకి సమాంతరంగా పట్టి 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడించండి, నేల చప్పుడు ఆగిపోయే దాకా. ‘లోహం లేని జాగా’ అన్నదే అసలు చిక్కు. కింద మేకు ఉండగా బ్యాలెన్స్ చేస్తే రోజంతా తప్పు చెప్తుంది. రెండు మూడు చోట్ల చేసి, అంకె దగ్గరదగ్గరగా వచ్చిందా చూసుకోండి.

రేగడి నుంచి ఎర్రనేలకి, చేలోంచి గరుసు బాటకి మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. కృష్ణ ఇసుకలో నల్లటి చారలు చూశారా? ఒక చిన్న అయస్కాంతం తిప్పితే గడ్డంలా అంటుకుంటుంది. ఆ నల్ల ఇసుక మీద బ్యాలెన్స్ లేకుండా ఏ మెషీనూ పనిచేయదు. కొండ దగ్గర ఎర్ర గరుసులో ఇనుము ఎక్కువున్న రాళ్లు కూడా నాణెంలా పలుకుతాయి. ఒక్కటి తీసి కాయిల్ మీద తిప్పి చూస్తే ఆ గొంతు గుర్తుండిపోతుంది.

సెన్సిటివిటీ (ఎంత సన్నటి సిగ్నల్‌కి పలకాలో చెప్పే సెట్టింగు) ఆఖరి గడికి పెట్టకండి. కాయిల్ కదపకుండా నేల మీద ఉంచితే నిశ్శబ్దంగా ఉండే స్థాయికి దించండి. గోల చేసే 24 కన్నా ప్రశాంతంగా ఉండే 18కే లోతు ఎక్కువ. ఒక ఊపు, ఇంకో ఊపు కాయిల్‌లో సగం మీద సగం పడాలి. ఊపు చివర కాయిల్ పైకి లేవకూడదు. కొత్తవాళ్లందరూ అక్కడే లేపుతారు.

పాత_కాణీ
ఏది ఎలా పలుకుతుందో ముందే తెలిస్తే తవ్వడం తగ్గుతుంది. అంకెలు మెషీన్‌ని బట్టి మారతాయి కాబట్టి స్థాయి మాత్రమే చెప్తాను.

వెండి రూపాయి, 1835 నుంచి, 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. స్కేల్‌లో పై చివర, గంట కొట్టినట్టు, ఎటు తిరిగినా అదే అంకె. 1940 నుంచి వెండి సగానికి దించేశారు, కనక 1942 రూపాయి కాస్త కిందికి పలుకుతుంది. 1947 రూపాయి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. దాన్ని చాలా మెషీన్లు ఇనుములో వేసేస్తాయి. రాగి కాణీ, ఈస్టిండియా కంపెనీవారి 20 కాసులు, ఇవన్నీ పైభాగంలోనే. 20 కాసుల బిళ్ల పెద్దది, 31 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 1803, 1808 సంవత్సరాలవి. 1808వి ఆన్‌లైన్‌లో తళతళలాడుతూ దొరికేవి 1809లో ఇంగ్లండ్ తీరంలో మునిగిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడలోంచి తీసినవి. చేలో దొరికేది అరిగి నున్నగా ఉంటుంది, సింహాల నీడ తప్ప ఏమీ మిగలదు. నకిలీ అనుకుని పారేయొద్దు.

1943–47 చిల్లు కాణీ కంచు, ఉంగరం ఆకారం కాబట్టి దాని బరువుకి మించి పలుకుతుంది. దమ్మిడీ చిన్నది, మధ్యకి పైన. అణా, బేడ (రెండణాలు) రాగి-నికెల్, కింది సగం. 1957 నయా పైసా కంచు, 1.5 గ్రాములే. 1964 నుంచి వచ్చిన అల్యూమినియం చిల్లర (పైసా, రెండు, మూడు, ఐదు పైసలు) మధ్య చుట్టూ పలుకుతుంది. స్టీలు పావలా, పది పైసలు ఇనుములా గెంతుతాయి.

సాతవాహనుల సీసం నాణేలు కింది సగంలోనే, అల్యూమినియం, రేకు ముక్కలు పలికే చోట. కాయిన్ మోడ్ కొట్టేసేది సరిగ్గా దీన్నే. బంగారు పణం అర గ్రాముకన్నా తక్కువ. దానికి మెషీన్ మీద ఆశ పెట్టుకోకండి.

మిర్చియార్డ్_రాజు
చెత్త జాబితా కూడా రాయండి సార్, అదే ఎక్కువ దొరికేది.

సిగ్నల్_సుబ్బు
రాజు గారూ, మన చేలల్లో మొదటి స్థానం ఎడ్ల నాడాలది. ఇనుమే, కానీ పలచగా, అరచంద్రాకారంలో పడుకుని ఉంటుంది కాబట్టి వెండి అంకె చూపిస్తుంది. కనిపెట్టడం తేలికే. తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. నాణెం అంకె కదలదు. నాడా ఒక వైపు పైన, ఇంకో వైపు గరగరమంటూ ఇనుములోకి దిగుతుంది. పాయింటర్ కూడా నాడా దగ్గర జానెడు పొడవునా కూస్తుంది.

తర్వాత మందు సీసా మూతలు, గుట్కా పొట్లాల రేకు, మందుబిళ్లల రేకు, మోటారు కాయిల్ రాగి తీగ ముక్కలు, బల్బు అడుగులు, కాకరపువ్వొత్తి ఊచలు. తీగ ముక్క బాగా పలుకుతుంది, దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. చెత్త మరీ ఎక్కువైతే 6 అంగుళాల కాయిల్ వేసుకోండి. లోతు తగ్గుతుంది గానీ మేకు పక్కనున్న దమ్మిడీ విడిగా వినిపిస్తుంది. రికవరీ స్పీడ్ (ఒక సిగ్నల్ నుంచి తేరుకుని పక్కది పలికే వేగం) ఉంటే పెంచండి.

టోపోషీట్
ఇనుము మొత్తం కొట్టేసే వాళ్లతో నాకు పేచీ ఉంది. కొత్త చోట మొదటి గంట ఇనుము శబ్దం కూడా విననివ్వాలి. మేకులు, బందులు గుంపుగా గురగురమంటే అక్కడ ఇల్లో పాకో ఉండేదన్నమాట. చేలో ఆ గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిస్తే, దాని అంచుల్లో నెమ్మదిగా వెతకొచ్చు. రెండెకరాలు గీతలు గీసినట్టు తిరగకుండా, ముందు పదేసి మీటర్ల ఎడంతో అడ్డంగా నడిచి, పలికిన చోట కర్రలు పాతి, తర్వాత ఆ జాగాల్లో దగ్గరదగ్గరగా తిప్పండి.

సిగ్నల్_సుబ్బు
గురగుర వినడం సరే, ఎనిమిది గంటలు వింటే తలనొప్పి. ఇనుము వాల్యూమ్ విడిగా తగ్గించుకునే వీలుంటే అలా చేయండి. దానికి ఒప్పుకుంటాను.

పుష్కర_ఘాట్
ఒక ప్రశ్న. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్ దగ్గర పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి నాణేలు తీస్తుంటారు కదా. ఎండాకాలం సీతానగరం వైపు నీరు తగ్గాక మెషీన్ తిప్పొచ్చా? 2016 పుష్కరాలకి ఎంత చిల్లర పడి ఉంటుందో!

నిర్వాహకుడు
నదీ గర్భం ప్రభుత్వానిది, అనుమతి లేకుండా వద్దు. పైగా అయస్కాంతానికి అంటుకునేవి ఎక్కువగా స్టీలు నాణేలే. రాగి, వెండి, రాగి-నికెల్ అంటుకోవు. పిల్లలకి దొరికేది దాదాపు అంతా 1988 నుంచి వచ్చిన స్టీలు చిల్లరే. ఈ చర్చ పాత నాణేలది, దీన్ని ఇంతటితో వదిలేద్దాం.

రేగడి_దుక్కి
తవ్వే పద్ధతి చెప్పి పోతాను. సిగ్నల్ మధ్యబిందువుకి జానెడు ఎడంగా చుట్టూ గునపం దింపు, మధ్యలో ఎప్పుడూ గుచ్చకు. పెళ్లని పాత గోనెపట్టా మీదికి ఎత్తు. గుంటలో పాయింటర్ పెట్టు, అక్కడ లేకపోతే పట్టా మీది పెళ్లలో ఉన్నట్టు. పెళ్లని చేత్తో విరిచి ఒక్కో ముక్కని పాయింటర్ ముందు తిప్పు. వేలికి ఉంగరం, చేతికి కంకణం ఉంటే తీసేయ్, అదే కూస్తుంది. నాణెం తీశాక గుంటని మళ్లీ చూడు, ఒక్కోసారి రెండోది ఉంటుంది. మట్టంతా వెనక్కి పోసి కాలితో తొక్కు. గుంట వదిలితే ఎద్దు కాలు విరుగుతుంది, రెండోసారి రైతు గేటు తీయడు.

చేలో డ్రిప్ పైపులు, బోరు మోటారు కేబుల్ ఎటు వెళ్తున్నాయో ముందే అడుగు. కేబుల్ మీద మెషీన్ గీత గీసినట్టు పొడవునా కూస్తుంది, అది తెలిసిపోతుంది. ప్లాస్టిక్ పైపు మాత్రం కూయదు.

లక్ష్మి_పావలా
నాణెం చేతికొచ్చాక జరిగే నష్టం తవ్వేటప్పటి కన్నా ఎక్కువ అండీ. చింతపండు, ఇత్తడి తోమే పొడి, నిమ్మరసం, వెనిగర్ ఏదీ తగలనివ్వకండి. రాగి మీద పచ్చటి పొర గట్టిగా నున్నగా ఉంటే అదే దానికి రక్ష. వేలితో రాస్తే పొడిలా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం జబ్బు. ఉప్పు నేలల్లో ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రెండు రోజులకొకసారి నీళ్లు మార్చి, పూర్తిగా ఆరబెట్టి సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి.

సీసం నాణేలకి పుల్లటిది ఏదీ పడదు. చెక్క సొరుగులో పెట్టినా చెక్క వాసనలోని ఆమ్లానికే తెల్లగా పొడిబారిపోతాయి. ప్లాస్టిక్ కవరు కొనేటప్పుడు పీవీసీ కానిది అడగండి. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ముఖ్యంగా అన్నానికి ముందు. ఒక్కోదానికీ చిన్న కాగితం: తేదీ, సర్వే నంబరు, లోతు, ఫోన్ జీపీఎస్ అంకెలు, కడగక ముందు రెండు వైపులా ఫోటో పక్కన స్కేలు పెట్టి. కలెక్టరాఫీసుకి రాసేటప్పుడు ఇవి పనికొస్తాయి. ఏ పాలకుడిదో తేల్చుకోవాలంటే గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం గ్యాలరీల్లో పోల్చి చూసుకోవచ్చు.

వడ్లమూడి_కుర్రోడు
వాన పడింది, రైతు దున్నాడు. ఇవాళ చేను తూర్పు గట్టు పక్కన ఒక సిగ్నల్ గుర్తు పెట్టి వచ్చాను, తవ్వలేదు. స్కేల్ మధ్యకి కాస్త కింద, రెండు దిక్కులా అదే అంకె, ఒకటి అటూ ఇటూ. లోతు గుర్తు 12 సెంటీమీటర్లు. చుట్టూ పెంకులు అక్కడక్కడ, అరిగినవే. ఏమయ్యుంటుంది?

సిగ్నల్_సుబ్బు
పది మీటర్ల చుట్టూ ఇలాంటివి ఇంకా ఉన్నాయా? గట్టు పక్కన అంటున్నారు, కూలీలు అన్నం తినే చోటైతే మందుబిళ్లల రేకు, అల్యూమినియం చిల్లర మామూలే. కాయిల్‌ని నేల నుంచి జానెడు పైకి లేపి ఊపండి. రేకు, మూత లాంటి వెడల్పు సరుకైతే అప్పుడూ పలుకుతుంది. చిన్న గుండ్రటిదైతే ఆగిపోతుంది.

వడ్లమూడి_కుర్రోడు
లేపితే ఆగిపోయింది. చుట్టూ ఇంకేమీ లేవు.

పాత_కాణీ
ఐదు పైసలో మూడు పైసలో అయ్యుండే అవకాశమే ఎక్కువ. అయినా తవ్వండి, సీసం కూడా సరిగ్గా ఇలాగే పలుకుతుంది. బూడిదరంగులో చేతికి బరువుగా తగిలితే నీళ్లు కూడా పోయకుండా మట్టితోనే కవర్లో వేసి, లక్ష్మి గారు చెప్పిన కాగితం ముందు రాయండి.